బార్క్‌షైర్‌లో ఇల్లెక్కడ కొందామక్కా?

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య మనిషెత్తు చెక్క కంచె ఉంది. జనవరిలో వీచిన గాలికి అందులో ఒక పలక ఊడి మా వైపు పడింది. అప్పట్నుంచి ఆ సందే మాకు అరుగు. పక్కింటమ్మాయిది వరంగల్, మాది తెనాలి. నేను పుదీనా కోసిస్తే తను సకినాలిస్తుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఐటీ ఉద్యోగాలే, పాప ఇక్కడి లెక్కలో ఐదో సంవత్సరం చదువుతోంది. రెండేళ్లుగా ఆ ఇంట్లో అద్దెకుంటున్నారు.

మార్చిలో ఒక ఆదివారం బట్టలారేస్తుంటే సందులోంచి తొంగి చూసింది.

"అక్కా, అద్దె కట్టీ కట్టీ యాష్టకొస్తున్నది. ఇల్లు కొందామనుకుంటున్నం. బార్క్‌షైర్ల ఏడ కొంటె మంచిగుంటది?"

క్లిప్పుల బుట్ట కింద పెట్టేశాను. ఇది నిలబడి రెండు ముక్కల్లో చెప్పే మాట కాదు. పదిహేనేళ్లుగా ఈ కౌంటీలో ఉన్నాం. మొదటి నాలుగేళ్లు స్లౌలో, ఆ తర్వాతంతా ఇక్కడ లోయర్ ఎర్లీలో. తెలుగువాళ్లు ఎందరో మా కళ్లముందే ఇళ్లు కొన్నారు. కొందరు హాయిగా ఉన్నారు. కొందరు మూడేళ్లు తిరక్కుండానే అమ్ముకుని వెళ్లారు. వెళ్లినవాళ్లలో ఇల్లు బాగాలేదని వెళ్లినవాళ్లను నేను చూడలేదు. రైలుకి దూరమనో, బడి దొరకలేదనో, వీధిలో నీళ్లొచ్చాయనో వెళ్లారు.

"ముందు ఇంటి ఫోటోలు చూడటం ఆపెయ్యమ్మా. వంటగది మార్చుకోవచ్చు, నేల మార్చుకోవచ్చు, మేడ మీద ఇంకో గది లేపుకోవచ్చు. వీధిని మాత్రం ఏం చేసినా మార్చలేవు. వీధి దొరికాక ఇల్లు చూడు" అన్నాను. ఆ రోజు మొదలైన కబుర్లు జూన్ దాకా సాగాయి.

ముందుగా ఆ అమ్మాయికి చెప్పింది కౌన్సిళ్ల సంగతి. బార్క్‌షైర్ బార్క్‌షైర్ అని అందరం అంటాం గానీ, కౌంటీ కౌన్సిల్ అనేది 1998లోనే రద్దయిపోయింది. మన దగ్గర జిల్లా పరిషత్తు ఎత్తేసి దాని పనులన్నీ మున్సిపాలిటీలకే అప్పగించినట్టన్నమాట. ఇప్పుడున్నవి ఆరు కౌన్సిళ్లు: రెడింగ్, వోకింగమ్, బ్రాక్‌నెల్ ఫారెస్ట్, విండ్సర్ అండ్ మెయిడెన్‌హెడ్, స్లౌ, వెస్ట్ బార్క్‌షైర్. బడి సీటు ఇచ్చేదీ, చెత్త తీసేదీ, పన్ను వేసేదీ వీళ్లే. మా వీధికి వచ్చే ఉత్తరాల మీద రెడింగ్ అని ఉంటుంది. పన్ను మాత్రం వోకింగమ్‌కి కడతాం. వుడ్లీ, షిన్‌ఫీల్డ్ కూడా అంతే. రెడింగ్‌కి పడమటి వైపు కాల్కట్ వెళ్తే అది వెస్ట్ బార్క్‌షైర్. నది దాటి కావర్‌షమ్ వెళ్తే మళ్లీ రెడింగ్ కౌన్సిలే. ఇల్లు అమ్మే ప్రకటనలో "రెడింగ్" అని రాసి ఉంటే అది మూడు కౌన్సిళ్లలో ఏదైనా కావచ్చు. పోస్ట్‌కోడ్ వేసి కౌన్సిల్ ఏదో చూసుకోందే బడుల గురించి ఆలోచించడం వృథా.

కౌన్సిల్ పన్ను ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది తరగతులు. ఆ తరగతి 1991 ఏప్రిల్‌లో ఆ ఇంటి విలువ ఎంత ఉండేదో దాన్ని బట్టి నిర్ణయించిందే, ఇప్పటికీ అదే నడుస్తోంది. తరగతి ఒకటే అయినా కౌన్సిల్ మారితే రేటు మారుతుంది. స్లౌ కౌన్సిల్ 2021 జులైలో లెక్కలు కుదరక సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది, అంటే కొత్త ఖర్చులు పెట్టలేమని చేతులెత్తెయ్యడం. 2023లో పన్ను ఒక్కసారే పది శాతం దాకా పెంచింది. ఇల్లు కొనేవాళ్లు ఇవీ చూసుకోవాలి.

అలాగని స్లౌని తీసిపారేస్తే నేనొప్పుకోను. తెలుగువాళ్లలో కూడా స్లౌ అనగానే ముఖం అదోలా పెట్టేవాళ్లున్నారు. మేం దేశానికి కొత్తగా దిగినప్పుడు మమ్మల్ని ఆదుకున్న ఊరది. నడిచి వెళ్తే కరివేపాకు దొరికేది, గుడికి వెళ్లొచ్చేవాళ్లం, పక్కింటి పంజాబీ ముసలావిడ మా పెద్దవాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది. మనం చిన్నప్పుడు తాగిన హార్లిక్స్ ఉంది చూడండి, 1908లో కట్టిన దాని ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ స్లౌ స్టేషన్‌కి దగ్గర్లోనే ఉంది. ఇప్పుడు అక్కడ ఫ్లాట్లు కట్టారు. యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్ తన పెద్ద టెలిస్కోపు నిలబెట్టుకున్నది కూడా స్లౌలోనే. 1974 దాకా ఆ ఊరు బకింగమ్‌షైర్‌లో ఉండేది. ఆ పాత పద్ధతి మిగిలిందేమో, అక్కడ నాలుగు గ్రామర్ స్కూళ్లున్నాయి. డబ్బు తక్కువగా ఉండి, పిల్లలు చదువుకునేవాళ్లయి, ఉద్యోగం లండన్‌లో అయితే స్లౌ, లాంగ్లీ మంచి ఎంపికే. ఇది నా గట్టి అభిప్రాయం.

లండన్ అంటే రైలు మాట రావాలి. 2022లో ఎలిజబెత్ లైన్ వచ్చింది కదా, మన వైపు రెడింగ్, ట్వైఫర్డ్, మెయిడెన్‌హెడ్, స్లౌ, లాంగ్లీ స్టేషన్లలో ఆగుతుంది. కెనరీ వార్ఫ్ దాకా మారకుండా కూర్చుని వెళ్లొచ్చు. కాకపోతే దాదాపు అన్ని స్టేషన్లలో ఆగుతూ పోతుంది. పాడింగ్టన్ దాకా వెళ్లి అక్కడే దిగేవాళ్లకి రెడింగ్‌లో ఆగే పాత ఫాస్ట్ బండే నయం, పాతిక నిమిషాల్లో దించేస్తుంది. ఎలిజబెత్ లైన్ పెట్టెల్లో మరుగుదొడ్లు లేవు. అమ్మానాన్నల్ని తీసుకుని బయల్దేరినప్పుడు ఇది గుర్తుండాలి. వోకింగమ్, బ్రాక్‌నెల్ వైపు ఉంటే వాటర్లూ లైను, గంట పైనే పడుతుంది.

"మా ఆయనకు వారానికి రెండు రోజులే ఆఫీసు, అది గూడ పాడింగ్టన్ల. నాదేమో విన్నర్ష్ ట్రయాంగిల్ల" అంది అమ్మాయి.

"అయితే రోజూ వెళ్లే నీ ఆఫీసుకి దగ్గరుంటే చాలు. వారానికి రెండు రోజుల ప్రయాణం కోసం ట్వైఫర్డ్‌లో స్టేషన్ పక్కన ఇంటికి అంత ఎక్కువ పెట్టడం దేనికి? రెడింగ్ స్టేషన్‌కి బస్సుంటే చాలదూ?" అన్నాను. రెడింగ్ బస్సులు కౌన్సిల్ సొంతానివి. ఈ దేశంలో అలాంటి ఊళ్లు ఇప్పుడు చాలా తక్కువ. మా లోయర్ ఎర్లీ నుంచి 21వ నంబరు బస్సు యూనివర్సిటీ మీదుగా ఊళ్లోకి పోతుంది. మా ఆయన పదేళ్లుగా అందులోనే వెళ్తున్నారు. రెండో కారు కొనే అవసరం మాకు రాలేదంటే ఆ బస్సు పుణ్యమే.

రెండో వారం అమ్మాయి సంబరంగా వచ్చింది. నాలుగున్నర లక్షల పౌండ్ల లోపు చూసుకోవచ్చని బ్యాంకువాళ్లు చెప్పారట.

"స్టాంప్ డ్యూటీ గూడ తక్కువేనంటక్కా. మాది మొదటి ఇల్లు గద, ఏడున్నర వేలే అయితదంట."

నాకు అనుమానం వచ్చి అడిగాను. "హైదరాబాద్‌లో మీకేమైనా ఉందా?"

"ఆయన పేరు మీద మియాపూర్ల ఫ్లాట్ ఉన్నది. పెండ్లికి ముందు కొన్నడు. గది ఇండియాల ఉన్నది గదక్కా, దీనికేం సంబంధం?"

సంబంధం ఉంది. ఇది మన తెలుగువాళ్లందరూ చెవిన వేసుకోవాల్సిన మాట. ఇంగ్లండులో మొదటి ఇల్లు కొనేవాళ్లకిచ్చే రాయితీ, ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ ఇల్లు లేనివాళ్లకే. మియాపూర్ ఫ్లాటూ ఇల్లే, ఊళ్లో తాతగారి నుంచి వాటాగా వచ్చిన ఇల్లూ ఇల్లే. ఇద్దరూ కలిసి కొంటే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి. అక్కడితో అయిపోలేదు. ఎక్కడైనా 40 వేల పౌండ్లో అంతకన్నా ఎక్కువో విలువున్న ఇల్లు ఇంకొకటి చేతిలో ఉండగా ఇక్కడ కొంటే, మొత్తం ధర మీద 5 శాతం అదనం. 2024 అక్టోబరు 31 నుంచి ఆ రేటు.

నేనే కాగితం తెచ్చి కంచె స్తంభం మీద పెట్టి లెక్క రాశాను. ఇల్లు 4,50,000 పౌండ్లు. నిజంగా మొదటిసారి కొనేవాళ్లయితే 3 లక్షల దాకా పన్ను లేదు, మిగతా లక్షన్నర మీద 5 శాతం, అంటే 7,500. రాయితీ లేకపోతే 12,500. మియాపూర్ ఫ్లాట్ ఉంచుకుని కొంటే దాని మీద ఇంకో 22,500 కలిసి 35,000 పౌండ్లు.

అమ్మాయి ఆ కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివింది. "నా ఒక్కదాని పేరు మీద కొంటెనో?" అంది. ఆ అదనపు పన్ను దగ్గర భార్యాభర్తల్ని ఒకటిగానే లెక్కేస్తారు, పేరు మార్చినంత మాత్రాన తప్పదు. ఇక్కడి ఇల్లు చేతికొచ్చేలోపు అక్కడి ఫ్లాట్ అమ్మేస్తే ఆ 22,500 తప్పుతుంది. మరునాడే వాళ్లాయన హైదరాబాద్‌లో బావగారికి ఫోన్ చేశాడు. ఏ లెక్కయినా సొలిసిటర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోమని నేను మరీ మరీ చెప్పాను.

నిజంగా మొదటి ఇల్లు కొనేవాళ్లు ఇంకో గీత చూసుకోవాలి. 5 లక్షలకి కొంటే పన్ను 10,000. 5,05,000కి కొంటే రాయితీ మొత్తం పోయి 15,250. బేరంలో ఆ ఐదు వేలు తగ్గించుకోలేకపోతే పదివేల పైన నష్టం.

ఇక బడి. అమ్మాయికి అన్నిటికన్నా ముఖ్యం అదే. రెడింగ్‌లో మగపిల్లలకి రెడింగ్ స్కూల్, ఆడపిల్లలకి కెండ్రిక్, రెండూ ప్రభుత్వ గ్రామర్ స్కూళ్లు. ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష ఉంది. పరీక్ష ఆరో సంవత్సరం మొదట్లో సెప్టెంబరులో పెడతారు, పేరు అంతకుముందే వేసవిలో ఇచ్చుకోవాలి. చుట్టుపక్కల పోస్ట్‌కోడ్‌లకి ముందు వరస ఉంటుంది. తెలుగు ఇళ్లలో నాలుగో సంవత్సరం నుంచే ట్యూషన్లు మొదలవుతాయి. పిల్ల ఇష్టపడి చదివితే పంపండి, తప్పులేదు. అయితే ఒక్క కెండ్రిక్‌ని నమ్ముకుని ఇల్లు కొనడం తప్పని అమ్మాయికి గట్టిగా చెప్పాను. ఒక్క రోజు రాసే పరీక్ష అది. ఆ రోజు పాపకి జలుబు చేస్తే? సీటు రాకపోతే వెళ్లాల్సిన మామూలు బడి ఏదో చూసుకుని, అది నచ్చిన వీధిలోనే ఇల్లు తీసుకోవాలి. వోకింగమ్ కౌన్సిల్లో ప్రభుత్వ గ్రామర్ స్కూల్ ఒక్కటీ లేదు. మా ఇద్దరు పిల్లలూ మామూలు బడిలోనే చదివారు. పెద్దవాడు ఇంజినీరయ్యాడు, చిన్నది నర్సింగ్ చదువుతోంది.

హైస్కూలుకి దరఖాస్తు గడువు అక్టోబరు 31, ప్రైమరీకి జనవరి 15. ఆ నాటికి మీ చిరునామా ఏదో దాన్నే చూస్తారు. కొత్తింటి చిరునామా చూపించాలంటే కాంట్రాక్టులు మార్చుకున్న రుజువు అడుగుతారు. చాలా బడులు ఇంటి నుంచి బడికి గీత గీసినట్టు సూటిగా దూరం కొలుస్తాయి, నడిచే దారి కాదు. కిందటేడు ఎంత దూరం దాకా సీట్లొచ్చాయో కౌన్సిల్ వెబ్‌సైటులో ఉంటుంది. ఏజెంటు "ఈ ఇల్లు ఆ బడి పరిధిలోదే" అంటే ఆ మాట నమ్మకుండా ఆ అంకె చూడాలి. బడుల్ని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ వాళ్లు ఒక్క మాటలో బడికి మార్కు వెయ్యడం 2024 సెప్టెంబరులో మానేశారు. అది మంచికే జరిగింది. ఇప్పుడు నివేదిక మొత్తం చదవాలి, ఇంకా నయం బడి వదిలే వేళకి గేటు దగ్గర పావుగంట నిలబడాలి.

ఏప్రిల్లో వాళ్లు మూడు ఇళ్లు చూసొచ్చారు. ఒకటి విన్నర్ష్‌లో లాడన్ నదికి దగ్గర్లో. ఫోనులో ఫోటోలు చూపిస్తూ "వెనక మొత్తం పచ్చగున్నదక్కా, ఇంకెవలూ ఇల్లు కట్టరంట" అంది. ఎందుకు కట్టరో నేను చెప్పలేదు. ఫిబ్రవరిలో నేను తీసుకున్న ఫోటో చూపించాను. ఆ నది పక్కనే ఉన్న డింటన్ పాస్చర్స్‌లో నడకకి వెళ్లినప్పుడు తీసింది. దారి లేదు, బెంచీ కూర్చునే పలక దాకా నీళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లంతా గేటు దగ్గర్నుంచే వెనక్కి పోతున్నారు. అమ్మాయి ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఇంకేం మాట్లాడలేదు.

ఇది నదుల కౌంటీ. థేమ్స్ ఉంది, కెనెట్ ఉంది, లాడన్ ఉంది, పాంగ్ ఉంది. 2014 ఫిబ్రవరిలో థేమ్స్ పొంగి డాచెట్, రేజ్‌బరీ వీధుల్లో పడవలు తిరిగాయి. ఆ రెండు ఊళ్లకి ఎగువన మెయిడెన్‌హెడ్, విండ్సర్, ఈటన్ ఊళ్ల కోసం 2002లోనే జూబిలీ రివర్ అని ఒక కాలువ తవ్వి ఉంది. ఆ మూడు ఊళ్లకి అది కాపు. కింద ఉన్న ఊళ్లకి ఆ కాపు లేదు. నది దగ్గర లేకపోతే భయం లేదనుకోవడమూ పొరపాటే. 2007 జులైలో థాచమ్‌లో వెయ్యికి పైగా ఇళ్లు మునిగాయి. నది పొంగి కాదు, ఒక్క రోజు కుండపోత వానకి పైనున్న వాలు మీంచి నీళ్లు ఊళ్లోకి దిగి. ప్రభుత్వం పెట్టిన వరద మ్యాపులో నది వరద వేరు, వాన నీళ్ల వరద వేరు చూపిస్తారు. పోస్ట్‌కోడ్ వేస్తే చాలు, డబ్బు కట్టక్కర్లేదు. రెండూ చూడాలి. వరద ముప్పున్న ఇళ్లకి కూడా బీమా అందేలా 2016లో ఫ్లడ్ రీ అనే ఏర్పాటు వచ్చింది. 2009 నుంచి కట్టిన ఇళ్లకి మాత్రం అది వర్తించదు. కొత్త ఇల్లు కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ మాట తెలుసుకోవాలి.

వీధి పేర్లు కూడా చెబుతాయి. మన దగ్గర కుంట, చెరువు, మడుగు అని చివర ఉంటే అక్కడ ఒకప్పుడు నీళ్లున్నాయని ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఇక్కడ మీడ్, ఫోర్డ్, బ్రూక్ అలాంటివే. మీడ్ అంటే గడ్డి మైదానం, చాలాసార్లు ఏటి ఒడ్డుది. ఫోర్డ్ అంటే ఏరు దాటే రేవు. బ్రూక్ అంటే వాగు.

నేల కింద సంగతి కూడా ఒకటి చెప్పాలి. రెడింగ్‌లో పూర్వం సుద్ద తవ్విన గనులున్నాయి. 2000 జనవరిలో కోలీ దగ్గర ఫీల్డ్ రోడ్‌లో నేల కుంగి ఇళ్లు దెబ్బతిన్నాయి. పాత ఇల్లు కొనేటప్పుడు సర్వే దగ్గర నాలుగొందలు మిగుల్చుకోవాలని చూడకండి. రెడింగ్‌కి దక్షిణాన బర్గ్‌ఫీల్డ్‌లో అణ్వాయుధాల కేంద్రం ఉంది. దాని చుట్టూ అత్యవసర ప్రణాళిక పరిధిని 2020లో పెంచారు. గ్రేజ్‌లీ దగ్గర 15 వేల ఇళ్ల కొత్త ఊరు కడదామనుకున్నది ఆ కారణంగానే ఆగిపోయింది. షిన్‌ఫీల్డ్ వైపు చూసేవాళ్లు ఆ పరిధి మ్యాపు ఒకసారి తెరవండి. ఇక విమానాలు. హీత్రోలో గాలి తూర్పు నుంచి వీచే రోజుల్లో విమానాలు విండ్సర్ మీదుగా దిగుతాయి. ఒక్కరోజు వెళ్లి "చప్పుడే లేదు" అనుకుని వచ్చేస్తే సరిపోదు.

వాస్తు గురించి అమ్మాయి కొంచెం మొహమాటంగా అడిగింది. వరంగల్ నుంచి అత్తగారు తూర్పు ముఖమో ఉత్తర ముఖమో అయితేనే కొనమన్నారట. నాకు ఇందులో సంతోషమే వేసింది. ఎందుకంటే ఇక్కడి ఎండ లెక్క కూడా దాదాపు అదే చెబుతుంది. డిసెంబరు 21న ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పదిహేను డిగ్రీల ఎత్తే లేస్తాడు, నాలుగు కాకుండానే దిగిపోతాడు. ఆ కాస్త ఎండా వచ్చేది దక్షిణం నుంచే. వీధి గుమ్మం ఉత్తరానికుంటే పెరడు దక్షిణానికి వస్తుంది, వెనక గదులన్నీ వెలుగే. తూర్పు గుమ్మమైతే పెరడు పడమర, వేసవిలో రాత్రి తొమ్మిదింటి దాకా ఎండ. స్లౌలో మేమున్న అద్దింటికి పెరడు ఉత్తరాన. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బట్టలు ఆరేవి కావు, రాళ్ల మీద పాచి, వెనక గది మూలన నల్లటి బూజు. చిన్నదానికి ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ దగ్గే. లోయర్ ఎర్లీకి వచ్చిన మొదటి చలికాలం దగ్గు పోయింది. ఇల్లు చూడబోయినప్పుడు ఫోనులో దిక్సూచి తెరిచి పెరట్లో నిలబడమని అందుకే చెబుతాను.

వాళ్లాయనకి స్లౌలోనో మెయిడెన్‌హెడ్‌లోనో స్టేషన్ పక్కన కొత్త ఫ్లాట్ మీద కూడా మనసుంది. ఫ్లాటంటే ఇక్కడ ఎక్కువగా లీజ్‌హోల్డ్. నేల మీది కాదు, ఇన్నేళ్ల హక్కు మాత్రమే. 2022 జూన్ 30 నుంచి రాసిన కొత్త లీజులకి గ్రౌండ్ రెంట్ తీసేశారు గానీ సర్వీస్ ఛార్జి ఉంటుంది, ఏటా పెరుగుతుంది. లీజు ఎనభై ఏళ్ల కిందికి దిగితే పొడిగించడానికి ఖర్చెక్కువ. గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయిన 2017 తర్వాత గోడల పైతొడుగు గురించి అప్పిచ్చేవాళ్లు కాగితాలడుగుతున్నారు. పాపతో, ఏటా ఆర్నెల్లు వచ్చి ఉండే అత్తమామలతో ఆ సంసారానికి ఫ్లాట్ సరిపోదన్నాను. కింద ఒక గది, కింద ఒక బాత్రూం ఉన్న ఇల్లు చూసుకోమన్నాను. మా అమ్మ వచ్చినప్పుడు మోకాళ్ల నొప్పులతో రోజుకి ఆరేడుసార్లు మెట్లెక్కి దిగడం చూసి మేం పడ్డ బాధ నాకింకా గుర్తుంది.

మే నెలలో వాళ్లు ఒక ఇంటికి ఆఫర్ పెట్టారు, అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు. అమ్మాయి వరంగల్‌కి ఫోన్ చేసి అందరికీ చెప్పేద్దామనుకుంటుంటే నేనే ఆపాను. మన దగ్గర బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాక ఎవరూ అంత సులువుగా మాట తప్పలేరు. ఇంగ్లండులో ఆఫర్ ఒప్పుకున్నాక కూడా, కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరికీ కట్టుబాటు లేదు. మా మొదటి ఇల్లు అలాగే చేతిదాకా వచ్చి పోయింది. వుడ్లీలో చూశాం. సర్వే చేయించాం, సొలిసిటర్ చేసే తనిఖీలన్నీ అయ్యాయి, అయిదు నెలలు గడిచాయి. మాకు అమ్మేవాళ్లు కొనే ఇల్లు ఒకటి, దానివాళ్లు కొనేది ఇంకొకటి, గొలుసులా నాలుగిళ్లు. ఎక్కడో ఒక చోట ఒకాయనకి ఉద్యోగం పోయింది, గొలుసంతా తెగిపోయింది. సర్వేకీ సొలిసిటర్‌కీ కట్టిన పద్నాలుగు వందల పౌండ్లూ పోయాయి. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. పరదాలకి గుడ్డ కూడా కొనేసి ఉన్నాను. అవి ఇప్పటికీ అటక మీదున్నాయి. గొలుసు ఎంత పొడుగుందో మొదటి రోజే అడగమని ఆ అమ్మాయికి అందుకే చెప్పాను.

ఇంకో పని కూడా చేయించాను. 7 పౌండ్లు కడితే ల్యాండ్ రిజిస్ట్రీ వాళ్లు ఇంటి టైటిల్ ప్లాన్ ఇస్తారు. హద్దు గీత మీద కొన్నిసార్లు చిన్న "టీ" గుర్తు ఉంటుంది. అది ఏ వైపు ఉంటే ఆ ఇంటివాళ్లదే ఆ కంచె బాధ్యత. ఎడమ పక్కది మనది అని చెప్పుకునే మాటకి ఆధారం లేదు. మా కంచె మీద ఆ గుర్తు వాళ్ల వైపు ఉంది, అంటే పడిపోయిన పలక వాళ్ల ఇంటి యజమాని వేయించాలి. అయిదు నెలలైనా ఆయన వేయించలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

వాళ్లు ఆఫర్ పెట్టింది వుడ్లీలోనే. మూడు పడగ్గదుల సెమీ-డిటాచ్డ్ ఇల్లు, ఉత్తరపు గుమ్మం, కింద చిన్న గది ఉంది, వరద మ్యాపులో రెండు రకాలుగానూ శుభ్రంగా ఉంది. గొలుసులో రెండే ఇళ్లు. విన్నర్ష్ ట్రయాంగిల్‌కి సైకిల్ మీద పోవచ్చు. వాళ్లాయన ఒక మంగళవారం పొద్దున ఏడున్నరకీ, ఒక శుక్రవారం రాత్రి పదింటికీ ఆ వీధిలో కారాపుకుని కూర్చుని చూసొచ్చాడు. కెండ్రిక్ పరీక్షకి పాప పేరిచ్చారు, రాకపోతే వెళ్లే బడి గేటు దగ్గర కూడా నిలబడి చూశారు. మియాపూర్ ఫ్లాట్‌కి కొనేవాళ్లు దొరికారు.

సర్వే వచ్చే మంగళవారం. సోమవారం సాయంత్రం పెద్ద వాన ఉందంటున్నారు. అమ్మాయీ నేనూ గొడుగులు పట్టుకుని ఆ వీధికి వెళ్తున్నాం, నీళ్లు ఎటు పారుతాయో చూడ్డానికి.